లేదని చెప్పి భయపెట్టినవాడు

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో బస్సు దిగగానే ఆయన ఫ్లెక్సీ కనబడింది. తెల్ల చొక్కా, జోడించిన చేతులు, కంప్యూటర్‌లో అతికించిన పూలదండ. కింద సంతాపం తెలిపేవాళ్ళ ఫోటోలు రెండు వరుసలు. ఆ ఫోటోల్లో సగం మంది బతికున్నప్పుడు ఆయన్ని చాటుగా తిట్టినవాళ్ళే. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, ఈయనకు 'పేదల పెన్నిధి' అని బిరుదు కూడా ఇచ్చారు. నాకు నోరంతా చేదైంది. పక్కకు వెళ్ళి మురిక్కాలువలో ఉమ్మేసి వచ్చాను.

పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. అలాగైతే నేను ఈయన గురించి అసలు మాట్లాడకూడదు. పేరు మాత్రం రాయను. అది ఆయన మీద గౌరవం కాదు, ఆ పేరు నా చేతిరాతలో చూసుకోవడం నాకు ఇష్టం లేదు.

నాకప్పుడు బస్టాండు వెనక సందులో లేడీస్ టైలరింగ్ షాపు ఉండేది. నా గోడను ఆనుకునే ఆయన వీడియో దుకాణం. మొదట్లో క్యాసెట్లు, తర్వాత సీడీలు అద్దెకిచ్చేవాడు. భక్తి సినిమాలూ ప్రేమ సినిమాలూ పై అరల్లో దుమ్ము కొట్టుకుని ఉండేవి. చేతికందే అరలన్నీ దయ్యాల సినిమాలు. తెలుగువి, హిందీవి, తమిళంలోంచి వచ్చినవి, ఏ భాషవో ఆయనకు కూడా తెలియనివి. సీడీల కాలం వచ్చాక పాత క్యాసెట్లను పారేయలేదు. యాచారం వైపు నుంచి వచ్చే రైతులకు లోపలి టేపు లాగి అమ్మేవాడు. జొన్న చేను చుట్టూ ఆ టేపు కడితే ఎండకు తళతళలాడుతుంది, గాలికి బుయ్యిమంటుంది, పిట్టలు వాలవు. పాత దయ్యాలకు ఇప్పుడు చేను కావలి పని దొరికిందని నవ్వేవాడు.

ఆ నవ్వు చూడాలి. గుట్కాతో ఎర్రబడ్డ పళ్ళ వెనక నాలుక కదులుతూ ఉండేది. సీడీ ఇచ్చే ముందు దాని మీద 'హా' అని ఊది, చొక్కా ఎత్తి, బనీనుతో, కడుపు మీదే తుడిచేవాడు. ఆ తడి ఆరకముందే మన చేతిలో పెట్టేవాడు. నేను చీర కొంగుతో పట్టుకునేదాన్ని. ఒకరోజు కత్తెర ఇవ్వమంటే ఏ అట్టపెట్టెనో కోసుకుంటాడనుకుని ఇచ్చాను. అటు తొంగిచూస్తే కౌంటరు మీద కాలు పెట్టుకుని, నా బట్టల కత్తెరతో కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. టైలరుకు కత్తెర అంటే ఏమిటో ఇంకో టైలరుకే తెలుస్తుంది. దాన్ని వేడినీళ్ళలో మూడుసార్లు మరిగించాను. అయినా ఆ వారమంతా కొత్త గుడ్డ కోయడానికి చెయ్యి రాలేదు.

ఇంత చీదరపడుతూ ఆయన దుకాణానికి ఎందుకు వెళ్ళావని అడగవచ్చు. నాకు దయ్యాల సినిమాల పిచ్చి. చేతులు కుట్టుపని చేస్తుంటే కళ్ళు మూలనున్న చిన్న టీవీ మీద ఉండేవి. ఆ ఊళ్ళో ఆ పిచ్చి ఉన్నవాళ్ళం ఇద్దరమే. ఆయన నన్ను చెల్లె అనేవాడు, నేను అన్న అనేదాన్ని. మంచి సినిమా వస్తే గోడ మీద రెండుసార్లు కొట్టేవాడు.

ఆయన సినిమా చూసే తీరే వేరు. పొద్దున పదకొండింటికి చూసేవాడు. షట్టరు పూర్తిగా ఎత్తి, ఎండ లోపలికి పడుతుండగా, ఎదురుగా ఆటోలు హారన్లు కొడుతుండగా చూసేవాడు. రాత్రిపూట దీపాలు ఆర్పి చూస్తే గొర్రె కూడా భయపడుతుందట, అందులో సినిమా గొప్పతనం ఏముందని వాదించేవాడు. పైగా చప్పుడు తీసేసేవాడు. డబ్బాల్లో రాళ్ళు పోసి ఊపినట్టు హఠాత్తుగా వాయిద్యాలు మోగించడం భయం కాదు, చెవి దగ్గర పటాకు పేల్చడం అని ఆయన లెక్క. ఎండలో, చప్పుడు లేకుండా, పక్కన జనం తిరుగుతుండగా వెంట్రుక నిలబడితే అది సినిమా. లేకపోతే సీడీని ఎద్దుకొమ్ముకు వేలాడదీసేవాళ్ళకు ఇచ్చేయొచ్చు.

ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ ఉడకబెట్టిన గుడ్లు తినేవాడు. తెరమీద ఎవరిదో మెడ తెగుతుంటే ఈయన పచ్చసొన వేళ్ళతో చిదిమి, ఉప్పూకారం అద్దుకుని నోట్లో వేసుకునేవాడు. ఆ వేళ్ళతోనే రిమోటు నొక్కేవాడు. పెంకులు ఖాళీ సీడీ కవర్లలో పడేసేవాడు. ఒకసారి నేను తీసుకెళ్ళిన కవరులో సీడీకి బదులు పెంకులు వచ్చాయి.

మొహానికి పిండి పూసుకుని, గోళ్ళు పెంచుకుని, తెల్ల చీర కట్టుకుని పరిగెత్తే దయ్యాలంటే ఆయనకు పడేది కాదు. ఆయనకు ప్రాణమైన సినిమా ఒకటుండేది. నలుపు తెలుపుది, ఎవరు తీశారో, ఏ దేశానిదో అట్ట మీద లేదు. అందులో ఒక ఆడమనిషి రోజూ రెండు కంచాలు పెడుతుంది. ఒక కంచం ముందు తను కూర్చుంటుంది. రెండో కుర్చీని తెరమీద చూపించరు. ఆమె అన్నం తింటూ అప్పుడప్పుడూ అటు చూసి తలూపుతుంది. ఒకరోజు తినడం ఆపి, కాసేపు విని, చాలా మెల్లగా తన కంచాన్ని అటువైపు జరుపుతుంది. అంతే. ఆ ఘట్టం వచ్చినప్పుడు మాత్రం ఆయన గుడ్డు తినేవాడు కాదు.

"దయ్యం కనవడ్డదంటె భయం అయిపోయినట్టె చెల్లె," అనేవాడు. "గింతేనా అనిపిస్తది. కనవడనంత సేపే అది మనల్ని పట్టుకుంటది."

ఇంకోమాట ఉండేది ఆయన దగ్గర, ప్రాణం పెట్టి చెప్పేవాడు. "ఉన్నదని చెప్పొద్దు. లేదని చెప్పాలె. గా చీకటి అర్రల ఏం లేదు, లోపటికి పో, అని ఒక్కసారి చెప్పి చూడు. ఎవడన్న పోతడా?"

నేను నవ్వి, నిజమేనన్నాను. ఆయన తెలివికి ముచ్చటపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ ముచ్చటే నాకు అన్నిటికన్నా రోతగా ఉంది.

సీడీ కోసం వచ్చిన ప్రతివాణ్ణీ ఆయన ఒకటి అడిగేవాడు: సినిమా సంగతి పక్కనపెట్టు, నీ బతుకులో నీకు బాగా భయమైందేదో చెప్పు అని. జనం చెప్పేవాళ్ళు. పాము, ప్రమాదం, దవాఖాన. ఆయన తల అటూ ఇటూ ఊపి, ఇవన్నీ చెవిలో పటాకులే అని తేల్చేసేవాడు. ఒకరోజు నన్నూ అడిగాడు. నేను మా పెద్దబాపు పిట్టకు పెట్టిన రోజు గురించి చెప్పాను.

పెద్దబాపు అంటే మా అమ్మ వాళ్ళ అక్క మొగుడు. వాళ్ళకు పిల్లలు లేరు. యాచారం తొవ్వలో రోడ్డు పక్కనే మూడెకరాల చెలక, ఒక బావి. ఆయన పోతే ఆ బావి పక్కనే మట్టి చేశారు. మూడో రోజు ఆ మట్టి దగ్గర విస్తరి వేసి అన్నం, కోడికూర, కల్లు, బీడీకట్ట పెట్టాం. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్ళ మనసు చల్లబడినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటివ్వాలి. ఆరోజు కాకులు తుమ్మచెట్టు మీద వరసగా కూర్చున్నాయి, ఒక్కటీ దిగలేదు. నడినెత్తి మీద ఎండ. ఆయన తమ్ముళ్ళు మాటిచ్చారు, దిగలేదు. ఎద్దులను అమ్మబోమని మాటిచ్చారు, దిగలేదు. ఇరవైమందిమి ఉన్నాం, ఒక్కరు కూడా గొంతు సవరించుకోలేదు. అప్పుడు మా పెద్దమ్మ లేచి, ఈ చెలక అమ్మను, ఎవరడిగినా అమ్మను, నీ దగ్గరే ఉంటానన్నది. ఆ మాట నోట్లో ఉండగానే ఒక కాకి దిగింది.

ఆయన గుడ్డు పక్కన పెట్టేశాడు. మళ్ళీ చెప్పమన్నాడు. కాకి ముందు అన్నం ముట్టిందా, కూర ముట్టిందా అని అడిగాడు. ఎంతసేపు కూర్చున్నారు, ఎటువైపు తిరిగి కూర్చున్నారు అని అడిగాడు. గిదీ సినిమా అంటే, అని నా భుజం తట్టబోయి, నేను వెనక్కి జరిగితే చెయ్యి తీసేసుకున్నాడు. నాకు గర్వంగా అనిపించింది. అంత మందిలో నా కథ ఒక్కటే నెగ్గింది మరి.

తర్వాతి ఏడాదికల్లా ఊరు ఊరంతా మారిపోయింది. శంషాబాద్‌కు విమానాలొస్తాయన్నారు, చుట్టూ పెద్ద రోడ్డు పడుతుందన్నారు. మన్నెగూడ నుంచి మా దాకా సాగర్ రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల హద్దుల తెల్లరాళ్ళు మొలిచాయి. చాయ్ హోటలాయన, మంగలాయన, బడిపంతులు, అందరూ భూములు చూపించేవాళ్ళే అయ్యారు. ఇళ్ళల్లో కేబుల్ వచ్చి సీడీలు అడిగేవాళ్ళు తగ్గిపోతే మా అన్న కూడా అదే పనిలో దిగాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, పాత జీపు కొన్నాడు. గోళ్ళు మాత్రం దుకాణంలోనే తీసుకునేవాడు.

పట్నం నుంచి వచ్చిన వెంచరు వాళ్ళకు పెద్దమ్మ చెలక కళ్ళల్లో పడింది. అటూ ఇటూ పక్కలవాళ్ళు అమ్మేశారు. నడుమ ఈ మూడెకరాలు, అందులో బావి, బావి పక్కన సమాధి. ఎంతమంది వచ్చినా పెద్దమ్మ ఒకటే మాట. మాటిచ్చిన, అమ్మను. ఎవరైనా గట్టిగా అడిగితే, ఆయన దగ్గరికే పోయి అడుక్కోమని బావివైపు చూపించేది.

అప్పుడే మా అన్న ఊళ్ళల్లో తిరగడం మొదలుపెట్టాడు. కలుపుకు పోయే ఆడవాళ్ళ దగ్గర జీపు ఆపి, ఆ బాయి కాడ ఏమన్నా ఉందని ఎవరో అంటున్నారు, ఏం లేదు గదా అని అడిగేవాడట. ఏం లేదంటే, అదే నేను కూడా చెప్పిన, ఏం లేదు, మీరు భయపడకుండ పోండ్రి అనేవాడట. పది రోజుల్లో పెద్దమ్మ చెలకకు కూలీకి వచ్చే మనిషి లేకుండాపోయింది. ఉందని చెప్పినవాడు ఒక్కడూ లేడు. లేదని చెప్పినవాడు ఒక్కడున్నాడు.

ఇది విని నేను నవ్వుకున్నాను. ఆయన పనే అయి ఉంటుందని అనుమానం వచ్చింది కానీ, పెద్దమ్మ ఇలాంటివాటికి జంకే మనిషి కాదు. నా మొగడున్న జాగల నాకేం భయమని తనే ఒంటరిగా కలుపు తీసుకుంది. ఆ మాట నేనే వచ్చి ఆయనకు గొప్పగా చెప్పాను. ఆయన గుట్కా పొట్లం చింపుతూ, అవ్, ఆమె భయం బాయి కాడ లేదు, అన్నాడు. ఆ మాటను నేను పట్టించుకోలేదు.

పెత్రమాస వచ్చింది. పెద్దలకు పెట్టుకునే ఆ అమావాస్యకు పెద్దమ్మ ఏటా సమాధి దగ్గరే విస్తరి వేసేది. ఆ ఏడాది సామాన్లు మోసుకుపోతరా, జీపుల దింపుత అని ఆయనే వచ్చాడు. పెద్దమ్మ, నేను, ఆయన ముగ్గురం వెళ్ళాం. విస్తరి పెట్టి దూరంగా కూర్చున్నాం.

కాకి రాలేదు. తుమ్మచెట్టు మీద ఒక్కటీ లేదు. ఆకాశంలో లేదు. నాదర్‌గుల్ వైపు నుంచి విమానం నడపడం నేర్చుకునేవాళ్ళ చిన్న విమానం ఒకటి గుండ్రంగా తిరిగి వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి కూర్చున్నాం, పన్నెండు దాటింది. అన్నం మీద ఈగలు ముసిరాయి, కూర పైన నూనె గడ్డకట్టింది. పెద్దమ్మ లేచి, అమ్మలేదు గద, మాట మీదనే ఉన్న గద అని మట్టికి చెప్పింది. రాలేదు. కూలోళ్ళు రాకపోయినా బీడు పెట్టలేదని చెప్పింది. రాలేదు. ఆమె ఎవరి ముందూ ఏడ్చే మనిషి కాదు. ఆ రోజు రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని కింది పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

చివరికి ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, ఎంతో మెత్తగా అన్నాడు.

"పెద్దమ్మా, ఈడ ఏం లేదనిపిస్తుంది. నువ్వు ఇంటికాడ పెట్టి చూడరాదు?"

ఊళ్ళో మా ఇంటి దగ్గరే ఉన్న పెద్దమ్మ ఇంటికి వచ్చి ప్రహరీగోడ మీద కొత్త విస్తరి పెట్టాం. మేం మూడడుగులు వెనక్కి వేయకముందే కాకి వచ్చి వాలింది. పెద్దమ్మ ఆ కాకి వంక ఎంతసేపు చూసిందో. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, చెలక ఇడిసిపెట్టి ఇంటికొచ్చిండు, అంది. ఆయనే ఇడిసిపెట్టినంక నాదేమున్నది అంది. మూడో రోజు కాగితం మీద వేలిముద్ర వేసింది. పై సోమవారం రిజిస్ట్రేషన్ అని చెప్పారు.

ఆ నడుమ శనివారం నేను చెలకకు వెళ్ళాను. బావి దగ్గర మర్చిపోయిన ఇత్తడి చెంబు తెచ్చిపెట్టమని పెద్దమ్మ పంపింది. బావి వెనక తుమ్మపొదల వైపు నుంచి కంపు కొట్టింది. కుక్కేదో చచ్చిందనుకుని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కొమ్మలు పక్కకు జరిపాను. కాకి. రెక్కలు విప్పదీసి, తల కిందికి, కొమ్మకు వేలాడుతోంది. కళ్ళున్నచోట పురుగులు కదులుతున్నాయి. కాళ్ళకు కట్టింది తాడు కాదు, నల్లగా మెరుస్తున్న వీడియో టేపు.

మొక్కజొన్న, పల్లి వేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. చేలో చచ్చిన కాకిని వేలాడదీస్తే ఆ చుట్టుపక్కలకు ఇంకో కాకి రాదు. వ్యవసాయం చేసే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళం, పెద్దమ్మకూ నాకూ ఆరోజు ఆ ఆలోచన రాలేదు. సమాధి ముందు కూర్చున్నవాళ్ళకు చేను గుర్తురాదు. అది ఆయనకు తెలుసు. నేను అక్కడే వాంతి చేసుకున్నాను. చెంబు పట్టుకుని తిన్నగా ఆయన దుకాణానికి వెళ్ళాను.

ఆయన గుడ్డు తింటున్నాడు. నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. సిగ్గుపడతాడనుకున్నాను, బుకాయిస్తాడనుకున్నాను. రెండూ చేయలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, కొత్త సినిమా ఇచ్చిన మర్నాడు అడిగినట్టే అడిగాడు.

"ఎట్లున్నది చెల్లె?"

ఆయనే చెప్పుకుపోయాడు. కాకిని తను చంపలేదట, కరెంటు తీగ తగిలి చచ్చి పడుంటే తెచ్చుకున్నాడట. రెండు రోజుల ముందే కట్టాలట, మొదటిరోజు మిగతా కాకులు లొల్లి చేస్తాయి, తర్వాత అటు మరలవట. ఇంట్లో గోడ మీదికి వెంటనే ఎలా వచ్చిందంటే, మూడు రోజుల నుంచి పొద్దున్నే ఆ గోడ మీద గుడ్డు ముక్కలు వేసి అలవాటు చేశాడట. చెబుతూ చెబుతూ పచ్చసొన అంటిన వేలిని చప్పరించాడు. ఇంత పనితనం చూసి మెచ్చుకునేది ఊళ్ళో నేనొక్కదాన్నేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయన కళ్ళల్లో కనబడుతుంటే నా ఒంటి మీద జెర్రి పాకినట్టైంది.

పెద్దమ్మకు ఇప్పుడే చెబుతాను, సోమవారం ఎలా జరుగుతుందో చూస్తానన్నాను. ఆయన తొణకలేదు.

"పోయి చెప్పు. దయ్యమున్నదని నేను ఒక్క మాటన్న అన్ననా? కథ నీదే గద చెల్లె. నేను జరంత సాగదీసిన. ఎవరు చెప్పిండ్రని అడుగుతది, గది గూడ చెప్పు."

నేను ఇంటికి వెళ్ళిపోయాను. ఆదివారమంతా మిషన్ ముందు కూర్చున్నాను. పెద్దమ్మ ఇల్లు మా ఇంటికి నాలుగు అడుగులు. ఆమె తన మొగుడికి ఇచ్చిన మాటను గుట్కా నములుతున్న ఒక మనిషికి, నా కథ మెచ్చుకున్నాడన్న సంబరంలో అప్పజెప్పింది నేను. అది చెప్పకుండా మిగతాది చెప్పడానికి దారి వెతికాను, దొరకలేదు. సోమవారం పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని జీపెక్కింది. చెంబు దొరికిందా బిడ్డా అని నన్ను అడిగింది. దొరికిందన్నాను.

ఆ వారమే ఆయన గోడ మీద రెండుసార్లు కొట్టాడు. కొత్త సీడీ, చాలా బాగుందట. నేను తీసుకోనన్నాను. మిషన్ మీద పెట్టి వెళ్ళాడు. చెత్తలో వేస్తే సరిపోయేది. చూశాను. చివరిదాకా చూశాను, భయపడ్డాను కూడా. ఆయన మీద ఎంత అసహ్యముందో, ఆ రెండుగంటల మీద నాకు అంతకు రెండింతలు అసహ్యముంది. నెల తిరగకుండా షాపు ఖాళీ చేసి సాగర్ రోడ్డు మీదికి మారిపోయాను.

తర్వాత ఆయన పెద్దవాడైపోయాడు. మన్నెగూడలో అద్దాల ఆఫీసు, పండక్కొక ఫ్లెక్సీ. ఎక్కడన్నా ఎదురుపడితే చెల్లె మంచిగున్నవా అనేవాడు. నేను తలూపేదాన్ని. పెద్దమ్మ ఆ డబ్బుతో పట్నంలో, అంటే మా ఇబ్రహీంపట్నంలోనే, రెండు గదుల డాబా కొనుక్కుంది. ఏటా పెత్రమాసకు డాబా మీద విస్తరి పెడుతుంది. కాకి రాని ఏడాది లేదు. పదహారేళ్ళు గడిచాయి. కాళ్ళు వంగకపోయినా మెట్లు పట్టుకుని ఎక్కుతుంది. ఆయన ఇల్లు గుర్తుపట్టి వస్తాడు, నేనెట్ల రాకుండ ఉంటా అంటుంది.

వీడియో దుకాణం అన్న పోయిన నెలన్నరకే ఈ ఏటి పెత్రమాస. డాబా మీద ఒక్క విస్తరి కాకుండా రెండు వేసింది పెద్దమ్మ. రెండోది నీళ్ళ ట్యాంకు పక్కన, ఎడంగా. ఎవరికని అడిగాను. మా అన్నకేనట. ఆయన పిల్లలు పెడతారో లేదో, పెద్దబాపు ఎక్కడున్నాడో జాడ చూపించిన మనిషి, ఒక పిడికెడు పెడితే పోయేదేముందంది.

పెద్దబాపు విస్తరి కాకి వచ్చి తిని పోయింది. ట్యాంకు పక్కది ముట్టలేదు. అరగంట చూశాం. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"ఏదో మనసుల పెట్టుకున్నడు బిడ్డా. దుకాణాలు పక్కపక్కపొంటి ఉండె మీవి. నీకే ఎర్క. ఒక మాటియ్యి, తింటడు."

ఆయనకు నా నుంచి కావలసిన మాట ఏమిటో నాకు తెలుసు, ఎవరికీ చెప్పనని. పదహారేళ్ళుగా అడక్కుండానే ఇస్తున్నాను. ఆ విస్తరి ముందు నిలబడి, ఆయనకు ఇంకోసారి అదే ఇవ్వడం నా వల్ల కాలేదు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గచ్చు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. తుమ్మపొద, టేపు, గోడ మీద వేసిన గుడ్డు ముక్కలు చెప్పాను. కథ చెప్పింది నేనేనని చెప్పాను. శనివారమే తెలిసి సోమవారం దాకా నోరు మూసుకున్నానని చెప్పాను.

తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె ఎదురుగా ఖాళీ అయిన విస్తరి వంక చూసింది.

"గయితే ఆయన గాడనే ఉన్నడు," అంది. "పదారేండ్ల సంది ఉపాసమున్నడు."

లేచి గిన్నెలో అన్నం సర్దుకుంది, కూర వేసుకుంది. ఆటో పిలవమంది. దారంతా గిన్నె ఒడిలో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆ చెలక ఉన్నచోట ఇప్పుడు ఎత్తైన గోడ, ఇనుప గేటు, లోపల ఒకే రంగు ఇళ్ళ వరసలు. బావి ఎక్కడుండేదో నాకు కూడా ఆనవాలు దొరకలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు తెరిచి, ఎవరింటికి అని అడిగాడు.

"లోపట మా ఆయన ఉన్నడు బిడ్డా. అన్నం పెట్టి పోత," అంది పెద్దమ్మ.

పేరేంటి, ఇంటి నంబరెంత అని అడిగాడతను, పెన్ను పట్టుకుని. పెద్దమ్మ జీవితంలో ఎన్నడూ మొగుడి పేరు పలకలేదు. డాబా మెట్లు దిగిన తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"నువ్వే చెప్పు," అంది. "చెప్పుడు నీకు మంచిగొస్తది గద."